పొట్టి శ్రీరాములు సాధించిన హక్కును ప్రజల చేతికి అందించండి: ఆంధ్రప్రదేశ్ ప్రధాన కార్యదర్శికి, శాఖాధిపతులకు, జిల్లా కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన కార్యదర్శి గారికి, వివిధ శాఖల అధిపతులకు, జిల్లా కలెక్టర్లకు,

నమస్కారాలు. మేము నెల్లూరు జిల్లాలో రెవెన్యూ, విద్యా శాఖల్లో పనిచేసి పదవీ విరమణ పొందినవారం. ఊళ్లలో చదువురానివారికి అర్జీలు రాసిపెట్టడం, వారికి ప్రభుత్వం నుంచి వచ్చిన కాగితాలు చదివి చెప్పడం కొంతకాలంగా మేము పెట్టుకున్న పని. ఆ పనిలో మా కంటబడిన లోపాన్ని, అంటే ప్రజలకు ప్రభుత్వం పంపే కాగితాలు తెలుగులో కాక ఆంగ్లంలో ఉండటాన్ని, వివరిస్తూ ఒక కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. రసీదు ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. కొన్నాళ్లకు మా వినతి పరిష్కారమైనట్లు ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు, ఆ సందేశం కూడా ఆంగ్లంలోనే ఉంది. దానిని గుర్తుచేస్తూ తరువాత రాసిన లేఖలకు జవాబు రాలేదు. అందువల్ల ఈ విషయాన్ని బహిరంగంగా మీ ముందు ఉంచవలసి వస్తోంది.

ప్రతి ఏటా డిసెంబరు 15న రాష్ట్రమంతటా అధికారులు అమరజీవి పొట్టి శ్రీరాములు గారి విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. 2008లో మా జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఈ గౌరవాలు ఆయనకు దక్కవలసినవే. అయితే ఆయన త్యాగం వల్ల దేశానికి ఏం ఒరిగిందో గుర్తుచేసుకుంటే, ఆ ఫలంలో సామాన్యుడి చేతికి అందకుండా మీ కార్యాలయాల బల్లల మీదే ఆగిపోయిన భాగం ఎంత ఉందో తెలుస్తుంది. మా ఫిర్యాదు దానిగురించే.

శ్రీరాములు గారు 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు. బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యా వియోగం తరువాత ఆ ఉద్యోగం వదులుకొని గాంధీజీ సబర్మతి ఆశ్రమంలో చేరారు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. నెల్లూరు మూలాపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులకు ప్రవేశం కోసం 1946లో నిరాహార దీక్ష చేసి సాధించారు. అంటరానితనాన్ని విడనాడండని రాసిన అట్టలను ఒంటికి తగిలించుకొని, కాళ్లకు చెప్పులు, నెత్తిన గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో వీధివీధి తిరిగిన ఆయనను ఆనాడు పిచ్చివాడన్నవారు మా పెద్దల తరంలోనే ఉన్నారు. రాష్ట్ర సాధకుడిగా ఆయనను తలచుకునే సభల్లో ఈ భాగాన్ని దాదాపుగా ఎవరూ ఎత్తరు. మా దృష్టిలో దళితుల ఆలయ ప్రవేశం కోసం, రాష్ట్రం కోసం ఆయన చేసిన రెండు పోరాటాలకూ మూలం ఒక్కటే. గుడిలోకి గానీ సర్కారు కచేరీలోకి గానీ సామాన్యుడు మరొకరి దయ మీద ఆధారపడకుండా నేరుగా అడుగుపెట్టగలగాలని ఆయన కోరుకున్నారు.

1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన దీక్షకు కూర్చున్నారు. తెలుగువారికి ఒక రాష్ట్రం కావాలన్న కోరిక అప్పటికే నాలుగు దశాబ్దాల నాటిది. 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభలోనే దానిపై చర్చ జరిగింది. భాషాప్రయుక్త రాష్ట్రాలు వద్దని 1948లో ధార్ కమిషన్ చెప్పింది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల సంఘం ఆంధ్ర విషయంలో కొంత సానుకూలంగా రాసినా పని ముందుకు సాగలేదు. 1951లో స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. అప్పుడు పెట్టుకున్న ఆశ కూడా తీరలేదు. శ్రీరాములు గారు దీక్షలో కృశించిపోతున్న సమయంలో, డిసెంబరు మొదటి వారంలో, ఆ దీక్షను పట్టించుకోదలచుకోలేదని ప్రధాని నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాశారు. 58 రోజుల దీక్ష తరువాత డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది, పోలీసు కాల్పుల్లో మరికొందరి ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా 11 జిల్లాలతో ఆ రాష్ట్రం అవతరించింది. మద్రాసు నగరం మాత్రం మనకు దక్కలేదు.

ఈ కథ ఇక్కడికే అయిపోయినట్లు మనం చెప్పుకుంటాం. కానీ ఆయన త్యాగం మేలు చేసింది తెలుగువారికి మాత్రమే అనుకుంటే ఆయనను తక్కువ చేసినట్లవుతుంది. ఆంధ్ర ఏర్పడిన ఏడాదే, 1953 డిసెంబరులో, ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఏర్పాటయింది. 1956 నవంబరు 1న దేశం 14 రాష్ట్రాలుగా, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా కొత్త రూపు దాల్చింది. మలయాళీలకు కేరళ వచ్చింది, నాలుగైదు పాలనల కింద చెదిరి ఉన్న కన్నడిగులు ఒక్క రాష్ట్రంలోకి వచ్చారు. 1960 మే 1న మహారాష్ట్ర, గుజరాత్, 1966లో పంజాబీ మాట్లాడేవారి పంజాబ్ ఏర్పడ్డాయి. 1956లో జరిగిన రాజ్యాంగ సవరణతోనే 350ఎ అధికరణం చేరి, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించవలసిన బాధ్యత రాష్ట్రాల మీద పడింది.

భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఇస్తే దేశం ముక్కలవుతుందని ఆనాటి పెద్దలు నిజాయతీగానే భయపడ్డారు. విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి కనుక ఆ భయాన్ని మేము తప్పుపట్టం. అయితే ఇరుగుపొరుగు దేశాల చరిత్ర చూడండి. శ్రీరాములు గారు మరణించిన 1952లోనే, ఫిబ్రవరి 21న, బెంగాలీకి గుర్తింపు కోరిన విద్యార్థుల మీద ఢాకాలో పోలీసులు కాల్పులు జరిపారు. 1971లో పాకిస్తాన్ రెండుగా చీలిపోయింది. మన దేశం రాష్ట్రాలను భాషల వారీగా దిద్దుకున్న 1956లోనే శ్రీలంక సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేస్తూ చట్టం తెచ్చింది. అక్కడ రగిలిన కార్చిచ్చు 2009 వరకు ఆరలేదు. ఆ యుద్ధాలకు భాష ఒక్కటే కారణమని మేము అనడం లేదు. కానీ భాష పేరుతో దేశం చీలే దుస్థితి మనకు రాలేదంటే, అందుకు ఒక ముఖ్య కారణం 1952 డిసెంబరులో ఒక మనిషి తన ఒంటితో చెల్లించిన మూల్యం. తెలుగు నేల 1956లో తెలంగాణతో కలిసి పెద్ద రాష్ట్రం అయింది, 2014లో రెండు రాష్ట్రాలు అయింది. సరిహద్దులు మారినా, ప్రజల పాలన ప్రజల భాషలో జరగాలన్న సూత్రాన్ని ఈ రెండు రాష్ట్రాల్లో ఎవరూ కాదనలేదు.

ఆ సూత్రాన్ని అమలుచేయడానికే 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది, ఆ తరువాత అధికార భాషా సంఘం ఏర్పడింది. తన కష్టాన్ని రాష్ట్రంలో లేదా కేంద్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నవించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. అంటే ప్రజలు తెలుగులో అడగవచ్చు. అడిగినదానికి వచ్చే జవాబు దగ్గరే చిక్కంతా ఉంది. దీనివల్ల సామాన్యులకు కలుగుతున్న నష్టాలను మేము చూసినంతవరకు కింద వివరిస్తున్నాం.

1. పేర్ల తేడాలు. అన్నిటికంటే ఎక్కువ మందిని బాధిస్తున్నది ఇదే, దీనిగురించి అతి తక్కువగా మాట్లాడుతున్నదీ ఇదే. లక్ష్మమ్మ అనే పేరును తెలుగులో రాయడానికి ఒకటే తీరు ఉంది. ఆంగ్లంలోకి వెళితే ఒక రికార్డులో ‘ఎక్స్’ అక్షరంతోను, మరొక రికార్డులో ‘కె ఎస్ హెచ్’ అక్షరాలతోను పడుతుంది. సుబ్బారావు ఒకచోట ఒకే మాటగా, మరొకచోట రెండు మాటలుగా ఉంటాడు. ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరం, మరొక కార్డులో పూర్తి మాట, ఇంకొక కార్డులో చివరికి వెళ్లిపోతుంది. ఇవేవీ ఆ మనిషి రాసినవి కావు. ఏదో ఒక కౌంటరు వెనుక ఎవరో తొందరలో కొట్టినవి. కంప్యూటరు మాత్రం ఆ ఒక్క మనిషినే ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా చూస్తుంది. పింఛను నిలిచిపోతుంది, బ్యాంకు ఖాతాకు ఆధారు అనుసంధానం కాదు, తండ్రి పొలం కొడుకు పేరు మీదికి మారడం ఆగిపోతుంది. ఆ తరువాత అఫిడవిట్టు, నోటరీ, ఆధారు కేంద్రం వద్ద వరుస, మీసేవ రుసుము, పోయిన కూలి రోజులు అన్నీ లక్ష్మమ్మ వంటి వృద్ధురాలి నెత్తిన పడతాయి. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు తెలుగులో సరిగానే ఉంది, ఆధారు కార్డు మీద కూడా తెలుగు పేరు ముద్రించి ఉంది. రెండు తెలుగు పేర్లనూ సరిపోల్చి చూసే ఏర్పాటు ఉంటే ఇటువంటి చిక్కుల్లో చాలా భాగం పుట్టేవే కావు.

2. తిరస్కరణ ఉత్తర్వులు. అర్జీ ఎందుకు తిరస్కరించారో తెలియకపోతే దానిని సరిదిద్దుకోవడం గానీ, పైఅధికారికి అప్పీలు చేసుకోవడం గానీ సాధ్యం కాదు. అప్పీలుకు గడువు ఉంటుంది. ఆంగ్లంలో ఉన్న ఎండార్స్‌మెంట్‌ను, అంటే అర్జీపై అధికారి రాసిచ్చిన నిర్ణయాన్ని, చదివి చెప్పేవారి కోసం వెతుక్కునేలోగా ఆ గడువు దాటిపోయిన కాగితాలను మేము చూశాం. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో అక్షరాస్యత సుమారు 67 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఏ కాగితమైనా మరొకరు చదివి వినిపించవలసిందే. తెలుగులో ఉంటే ఇంట్లో బడికి వెళ్లే మనవరాలు చదువుతుంది. ఆంగ్లంలో ఉంటే దళారీ దగ్గరికి వెళ్లాలి. కార్యాలయాల చుట్టూ దళారులు పెరిగారని బాధపడే అధికారులు, వారికి బతుకుతెరువు చూపిస్తున్నది తమ కాగితాల భాషేనని దయచేసి గమనించాలి. భూసేకరణ, ఆక్రమణల తొలగింపు వంటి విషయాల్లో నోటీసు అర్థం కాకపోవడం అంటే ఇల్లో పొలమో పోవడమే.

3. ఆసుపత్రులు. ఆపరేషనుకు ముందు సంతకమో వేలిముద్రో తీసుకునే అంగీకార పత్రం ఆంగ్లంలో ఉంటే, ఆ మనిషి దేనికి అంగీకరించినట్లు? ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో ఉంటుంది. ఆ నాలుగు వాక్యాలు తెలుగులో లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

4. పోలీసు స్టేషన్లు, న్యాయస్థానాలు. సాక్షి తెలుగులో చెప్పిన మాటలు చాలాచోట్ల ఆంగ్లంలో వాంగ్మూలంగా నమోదవుతున్నాయి. తాను చెప్పినదీ, కాగితం మీద ఉన్నదీ ఒకటేనో కాదో ఆ సాక్షికి తెలియదు. ఏళ్ల తరువాత బోనులో నిలబడినప్పుడు ఆ తేడా మీదే అతడిని నిలదీస్తారు. హైకోర్టు కింది న్యాయస్థానాల్లో ఏ భాష వాడాలో నిర్ణయించే అధికారం చట్టం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. హైకోర్టుల మాటకొస్తే, రాజ్యాంగం 348వ అధికరణం కింద రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టుల్లో హిందీ వాడుకకు అనుమతి ఉంది. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరించింది. కనుక మన భాషలో న్యాయపరిభాష చాలదన్న వాదన ఇక నిలబడదు.

5. ఏజెన్సీ ప్రాంతాలు. తెలుగు కోసం ఇంత గట్టిగా అడుగుతున్న మేము ఈ మాట చెప్పకపోతే అన్యాయం చేసినవారమవుతాం. సవర, కువి, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడే కుటుంబాలకు తెలుగు కాగితం కూడా పరాయి కాగితమే. అక్కడ చదివి వినిపించి వివరించే మనుషులు కావాలి. సరిహద్దు మండలాల్లో తమిళం, కన్నడం మాట్లాడేవారికి, ఉర్దూ మాట్లాడేవారికి కూడా ఇదే న్యాయం వర్తించాలి. దళితుల కోసం గుడి తలుపులు తెరిపించిన మనిషి పేరు చెప్పుకుంటూ బలహీనులను మరచిపోవడం తగదు.

బడుల్లో బోధనా మాధ్యమం గురించి జరుగుతున్న వివాదాన్ని మేము ఇందులో కలపడం లేదు. పిల్లలు ఆంగ్లం బాగా నేర్చుకోవాలనే మేమూ కోరుకుంటాం. మాలో కొందరం జీవితాంతం ఆంగ్లం బోధించినవారమే. కానీ మనవడికి ఆంగ్లం వచ్చినంత మాత్రాన తాతకు ప్రభుత్వం ఆంగ్లంలో రాయవచ్చని కాదు.

మీ వైపు ఉన్న ఇబ్బందులు మాకు తెలియనివి కావు, ఆ కుర్చీల్లోనే మేమూ కూర్చున్నాం. గుమాస్తాకు తెలుగు రాక ఎవరూ ఆంగ్లంలో రాయడం లేదు. శాఖలకు కొనిపెట్టిన సాఫ్ట్‌వేర్లలో ముందే తయారుచేసి ఉంచిన నమూనాలు ఆంగ్లంలో ఉన్నాయి. మీట నొక్కితే ఉత్తర్వు ముద్రితమై వస్తుంది. దానిని తెలుగులోకి మార్చే వీలు కింది ఉద్యోగికి లేదు. కంప్యూటర్లకు ముందు, చేతితో రాసే రోజుల్లో, తహసీల్దారు కచేరీలో తెలుగు ఇంతకంటే ఎక్కువగా కనబడేది. యూనికోడ్‌లో తెలుగు చేరి ముప్పై ఏళ్లు దాటింది, ప్రతి ఫోనులోనూ తెలుగు టైపు చేస్తున్నారు. కాబట్టి ఇది సాంకేతిక సమస్య కాదు. టెండరు పిలిచేటప్పుడు షరతుల్లో ఒక వాక్యం చేర్చకపోవడం వల్ల వచ్చిన సమస్య. ఆ వాక్యాన్ని చేర్చగల అధికారం పూర్తిగా మీ చేతుల్లో ఉంది.

అందువల్ల ఈ కింది పనులు చేయవలసిందిగా డిమాండ్ చేస్తున్నాం.

1. వ్యక్తికి పంపే ప్రతి నోటీసు, ఉత్తర్వు, తిరస్కరణ, ఫోను సందేశం తెలుగులో ఉండాలి. తిరస్కరణలో కారణం, అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో స్పష్టంగా రాయాలి. చట్టరీత్యా ఆంగ్ల ప్రతి అవసరమైనచోట దానిని జతచేయాలి. తెలుగు ప్రతి అందిన రోజు నుంచే అప్పీలు గడువు లెక్కించేలా నిబంధనలు సవరించాలి.

2. ఇకపై ప్రభుత్వం కొనే, పునరుద్ధరించే ప్రతి సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో తెలుగు నమూనాలను తప్పనిసరి షరతుగా పెట్టాలి. తెలుగు నమూనా లేని సేవకు బిల్లు చెల్లించకూడదు.

3. లబ్ధిదారుల పేర్లను తెలుగులో కూడా సరిపోల్చాలి. ఆంగ్ల అక్షరాల తేడా ఒక్కటే కారణంగా ఏ పింఛనూ, ఏ సాయమూ ఆపకూడదు. వేరే ఆధారాలు సరిపోయినప్పుడు గ్రామ సచివాలయం స్థాయిలోనే, అర్జీదారు మీద ఖర్చు పడకుండా, ఆ తేడాను సరిదిద్దే అధికారం ఇవ్వాలి.

4. ప్రభుత్వ ఉత్తర్వులు ఆంగ్లంలో వెలువడిన రోజే తెలుగులోనూ ప్రజలకు అందుబాటులోకి రావాలి.

5. ప్రభుత్వ ఆసుపత్రుల్లోను, ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద చికిత్స చేసే ప్రైవేటు ఆసుపత్రుల్లోను అంగీకార పత్రం, డిశ్చార్జి సూచనలు తెలుగులో ఇవ్వాలి.

6. సాక్షి మాట్లాడిన భాషలోనే వాంగ్మూలం నమోదు చేయాలని పోలీసు శాఖ ఆదేశించాలి. కింది కోర్టుల్లో తెలుగు వాడుకను అమలు చేయడానికి అవసరమైన అనువాదకులు, స్టెనోగ్రాఫర్ల పోస్టుల కోసం ప్రభుత్వం హైకోర్టుతో సంప్రదించాలి.

7. ఏజెన్సీ మండలాల సచివాలయాల్లో స్థానిక గిరిజన భాష వచ్చినవారిని నియమించాలి.

8. అధికార భాషా చట్టాన్ని ఉల్లంఘించిన కార్యాలయాలపై ఫిర్యాదులు స్వీకరించి, వివరణ కోరి, ఫలితాన్ని ప్రకటించే అధికారాన్ని అధికార భాషా సంఘానికి ఇవ్వాలి. సలహాలకే పరిమితమైన సంఘం మాటను ఏ కార్యాలయమూ లక్ష్యపెట్టదు.

వీటిలో మొదటిది, మూడవది కొత్త చట్టాలు లేకుండా, దాదాపు ఖర్చు లేకుండా ఉత్తర్వులతోనే మొదలుపెట్టగల పనులు. రాబోయే డిసెంబరు 15లోగా ఈ రెండింటిపై ఉత్తర్వులు జారీ చేయాలని, మిగిలిన వాటికి శాఖల వారీగా గడువు తేదీలు ప్రకటించాలని కోరుతున్నాం. మేము సేకరించిన నోటీసులు, తిరస్కరణ పత్రాల నకళ్లను సంబంధిత వ్యక్తుల అనుమతితో, పేర్లు తొలగించి మీకు అందజేయడానికి, మీరు పిలిస్తే కలెక్టరు కార్యాలయానికి వచ్చి ఒక్కొక్క కాగితాన్నీ వివరించడానికి సిద్ధంగా ఉన్నాం. ఈ లేఖకు జవాబును తెలుగులో, అధికారి సంతకంతో, ఏ అంశాన్ని అంగీకరించారో దేనిని అంగీకరించలేదో కారణాలతో సహా పంపవలసిందిగా విన్నవిస్తున్నాం. ఆ తేదీలోగా జవాబు రాకపోతే మండలాల వారీగా బాధితులతో కలిసి అధికార భాషా చట్టం అమలు కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాం.

ఇట్లు,
విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, ఉపాధ్యాయులు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా